కాగితం మీద పన్నెండుమంది

ఏక్‌బాల్‌పూర్‌లో జ్యోతిరాణి షెడ్డులో లారీలకు కప్పే టార్పాలిన్లు కుడతారు. కాలితో తొక్కే మిషన్లు ఆరు, ఆడవాళ్ళు ఆరుగురు. అందరూ ఓడరేవు పనికని శ్రీకాకుళం వైపునుంచి బెంగాల్ వచ్చిన కుటుంబాలవాళ్ళే. పోయినేడు ఒక గోడౌన్ కంపెనీ ఏడాది పొడవునా పని ఇస్తామంది. జ్యోతిరాణి ఆరు మోటారు మిషన్లు కొని, ఇంకో ఆరుగురికి పని ఇస్తానని మాటిచ్చింది. ఇక కావలసింది వాటిని నడిపే కరెంటు లైను ఒక్కటే.

దానికోసం ఎనిమిది నెలలు తిరిగింది. కరెంటువాళ్ళు కొత్త లైసెన్సు తెమ్మన్నారు. లైసెన్సు ఇచ్చేవాళ్ళు షెడ్డు యజమాని సంతకం తెమ్మన్నారు. ఆయన పోయి మూడేళ్ళయింది, కొడుకులిద్దరూ కోర్టుకెక్కారు. ఎలాగో ఇద్దరి సంతకాలూ పట్టుకెళితే, ఫారం మారిందన్నారు. కొత్తదాని పేరు సులభ దరఖాస్తు. పందొమ్మిది పేజీలు.

వీధి చివర పార్టీవాళ్ళ క్లబ్బు నడిపే బాప్పాదా, లైను తాను వేయిస్తానన్నాడు. తనవాళ్ళిద్దరి పేర్లు జీతాల పుస్తకంలో ఎక్కించాలట, వాళ్ళు పనికి మాత్రం రారట. జ్యోతిరాణి పేర్లు వద్దు, మనుషుల్ని పంపమంది. వచ్చారు. మధ్యాహ్నం దాకా సూదిలో దారం ఎక్కించలేక, టీ తాగొస్తామని వెళ్ళినవాళ్ళు మళ్ళీ కనబడలేదు. లైనూ రాలేదు.

కంపెనీ ఆ పని ఇంకొకరికిచ్చింది. కొత్త మిషన్ల కోసం ఎదురుచూస్తున్న ఆరుగురిలో రోజారాణి విసిగిపోయి, సెక్టార్ ఫైవ్‌లో ఒక ఆఫీసు తుడిచే పనికి కుదిరింది. మిగతా అయిదుగురూ తలోదారీ చూసుకున్నారు.

ఆ వారమే న్యూ టౌన్‌లో సర్కారు సభకు పిలుపొచ్చింది. జ్యోతిరాణికి 'ఉపాధి దాత' సత్కారమట. షెడ్డులో అందరికన్నా పెద్దదైన జగ్గమ్మను తోడు తీసుకెళ్ళింది. వణికించే ఏసీ హాల్లో కోట్లు వేసుకున్న పెద్దలు రాష్ట్రంలో వ్యాపార వాతావరణం గురించి రెండు గంటలు మురిసిపోయారు. తెరమీద జ్యోతిరాణి ఫొటో, దాని కింద 'పన్నెండు ఉద్యోగాలు' అని పడింది.

ఆమె అక్కడున్న తెలుగు ఆఫీసరు ప్రదీప్‌కుమార్‌ను పక్కకు పిలిచింది.

"పన్నెండేటి బాబూ? మాకాడ ఆరుగురే."

"ఇంకో ఆరుగురిని పెట్టుకుంటానని దరఖాస్తులో మీరే రాశారు కదమ్మా. కలిపేశాం."

"లైనొస్తే పెడతానన్నాను. లైను నేదు కదా."

"అది వేరే శాఖ," అన్నాడతను, శాలువా మడత సరిచేస్తూ.

వేదికమీద మైకిచ్చారు. జ్యోతిరాణి తనకొచ్చిన బెంగాలీలో, ఆ ఆరుగురూ ఎక్కడున్నారో చూపిస్తే రేపే మిషన్ల దగ్గర కూర్చోబెడతానంది. అది హాస్యమనుకుని హాలంతా చప్పట్లు కొట్టింది. ఆమె శాలువాను కుర్చీమీదే వదిలేసి, జగ్గమ్మను వెంటబెట్టుకుని బస్సెక్కింది.

నెల తిరక్కుండా నోటీసొచ్చింది. పన్నెండుమందిని పెట్టుకుని పెద్ద సంస్థల జాబితాలో నమోదు కానందుకు సంజాయిషీ ఇమ్మన్నారు. జ్యోతిరాణి ఒకరోజు పని మానిపించి, ఆరుగురినీ ఆ ఆఫీసు బల్లమీద వరసగా కూర్చోబెట్టింది. గుమాస్తా రెండుసార్లు లెక్కపెట్టాడు. ఆరుగురే ఉన్నారని ఒప్పుకున్నాడు. కానీ రికార్డు మార్చాలంటే మిగతా ఆరుగురు రాజీనామా చేసినట్టు కాగితాలు కావాలన్నాడు.

"పుట్టనోల్లకి సావుకాగితం ఏటి రాస్తారు?" అంది జగ్గమ్మ తెలుగులో. గుమాస్తాకు అర్థం కాలేదు.

జ్యోతిరాణి కొత్త మిషన్లు ఆరూ అమ్మేసింది. కొన్నవాడు బాప్పాదా బావమరిది. అతని షెడ్డుకు లైను నాలుగు రోజుల్లో వచ్చింది.