గోడ దాటిన ఫ్యాను

నాకు ముక్కు మీదే కోపమని మా ఆయన సుభాని వీధంతా చాటుతాడు. చాటనీ. రావాల్సిన రోజున ఆ కోపం రాలేదు, అదే నా బాధ.

చోడవరంలో మా వీధికో పద్ధతి ఉంది. ఎవరింటికి పెద్దమనిషి వచ్చినా ఇరుగుపొరుగు సామాను అక్కడికి నడిచి వెళ్తుంది. ఒకరింటి కుర్చీ, ఇంకొకరింటి దుప్పటి, నా పూల కప్పులు. ఆ కప్పులు ఇప్పటికి ఐదు పెళ్ళిచూపులు చూశాయి. మనం గంజి తాగినా వచ్చినవాడికి లోటు కనబడకూడదు. ఈ పద్ధతి పెట్టినవాళ్ళెవరో గాని, వాళ్ళని తిట్టుకోని రోజు లేదిప్పుడు.

తొంభై ఎనిమిది ఎండాకాలం. తెల్ల రేషను కార్డు ఎవరికి ఉంచాలో, ఎవరికి తీసెయ్యాలో తేల్చడానికి సర్వే అన్నారు. పక్కింటి రాజులమ్మ పొద్దున్నే గోడ దగ్గరకొచ్చింది. వాళ్ళాయన జగ్గయ్య బెల్లం వండే పెనం కింద మంట ఎగదోస్తాడు. సీజను అయిపోతే పని లేదు. మళ్ళీ చెరుకు కొట్టేదాకా ముగ్గురు పిల్లల కడుపులు ఆ కార్డు మీద వచ్చే ఇరవై కిలోల బియ్యంతోనే నిండాలి.

"ఒదినా, సర్వే బాబొస్తన్నాడంట. కుర్సీ, నీ కప్పులు ఓపాలి ఇయ్యవా? ఉక్కపోస్తంది, నీ టేబులు ఫ్యాను కూడా," అంది.

ఇచ్చాను. వాళ్ళింట్లో కరెంటు లేదని మా కిటికీలోంచి వైరు లాగి గోడ మీదుగా పంపింది కూడా నేనే. నా అంత తెలివితక్కువది ఈ మండలంలో ఉండదు.

సర్వే బాబు కుర్చీలో కూర్చుని, గాలి పోసుకుని, నా పూల కప్పులో రాజులమ్మ ఇచ్చిన టీ తాగాడు. ఫ్యాను ఉందని రాసుకున్నాడు. కుర్చీ కూడా రాసుకున్నాడు. గాలి తగిలింది గాని వైరు కనబడలేదు మహానుభావుడికి.

నెల తిరక్కుండా రాజులమ్మ చేతిలో గులాబీ కార్డు పెట్టారు. దాని మీద ఆ బియ్యం ఇవ్వరు.

"అదేటొదినా, టీ బాగుందన్నాడు కదా," అంది. 

ఫ్యాను చంకలో పెట్టుకుని, ఆమెను వెంటబెట్టుకుని మండలాఫీసుకి బయల్దేరాను. సెంటర్లో కొత్తగా పెట్టిన రంగు టీవీల కొట్టులో, దేశం దూసుకుపోతోందని ఎవరో చెబుతున్నారు. దూసుకుపోతోంది, నిజమే. మా మీదుగా.

గుమాస్తా బల్ల మీద ఫ్యాను దభీమని పెట్టాను.

"ఇది నాది బాబూ. ప్లగ్గెట్టడానికి ఆళ్ళింట్లో కరెంటే లేదు. వొచ్చి సూడు."

"మీదేనని రాసిస్తారా?" అన్నాడు నెమ్మదిగా.

ఆవేశంలో సంతకం చేసిపారేశాను. అతను రిజిస్టరులో మా పేరు వెతికి పట్టుకున్నాడు.

"అయితే ఫ్యాను మీ ఇంట్లో ఉన్నట్టు. మీ తెల్ల కార్డు కూడా మారుతుందమ్మా."

"మరి ఈవిడిది?"

"దానికి ఎంక్వైరీ వెయ్యాలి."

తీసెయ్యడానికి నా ఒక్క సంతకం చాలింది. ఇవ్వడానికి మాత్రం ఎంక్వైరీ కావాలట. రెడీమేడ్ బట్టలొచ్చాక మా ఆయన కుట్టుమిషను వారానికి మూడు రోజులు ఊరికే ఉంటోంది. ఆ సంగతి రాసుకునే గడి వాళ్ళ కాగితంలో లేదు.

వానలు పడ్డాక ఎంక్వైరీ మనిషి వచ్చాడు. రాజులమ్మకు ముందే గట్టిగా చెప్పాను.

"కుర్సీ లేదు, కప్పు లేదు. కింద కూకోబెట్టు. ఉన్నదున్నట్టు సూపించు."

బుర్ర ఊపింది. తీరా ఆయన అరుగు మీద కూర్చోగానే, గోడ మీంచి చెయ్యి చాపింది.

"ఒదినా, ఒక్క కప్పియ్యి. ఇంటికొచ్చిన మనిషి. సొట్టల గళాసుతో ఎలాగిస్తాను?"

"ఇయ్యను. ఎల్లు," అన్నాను.

ఆ వీధిలో నేను లేదన్నది అదే మొదటిసారి. రాజులమ్మ ఒక్క క్షణం నా మొహం చూసింది. తర్వాత తల దించుకుని సొట్టల గ్లాసుతోనే టీ తీసుకెళ్ళింది. ఆయన గ్లాసుని అటూ ఇటూ తిప్పి చూశాడు. సగం తాగి పక్కన పెట్టాడు. పెన్ను తీసి రాసుకున్నాడు. ఇన్నాళ్ళూ వాళ్ళకి కావాల్సింది ఆ గ్లాసేనన్నమాట.

పై నెలలో తెల్ల కార్డు తిరిగొచ్చింది. రాజులమ్మ మాత్రం కబుర్లకి గోడ దగ్గరకి రావడం మానేసింది.

బియ్యం తెచ్చుకున్న రోజున ఒక్కసారి వచ్చింది. అదే సొట్టల గ్లాసుతో నాలుగు గ్లాసుల బియ్యం చేటలో కొలిచి, గోడ మీద పెట్టి వెళ్ళిపోయింది. వెనక్కి విసిరికొడదామన్నంత కోపం వచ్చింది. తీసుకున్నాను. మా ఇంట్లో ఆ పూటకి బియ్యం లేవు.