‘తాక్’ కార్డు వెనకవైపు

1993 డిసెంబరు ఇరవయ్యో తేదీ ఉదయం హాలెండ్‌లోని లైడెన్ నుంచి మా చివరి పార్సెల్ వచ్చింది. అందులో నూట పన్నెండు కార్డులున్నాయి. వాటిలో ఒకదాని వెనకవైపు నాకొక జవాబు ఉంది. చదవకుండానే దాన్ని నా చేత్తో నేనే చెరిపేశాను. ఎలా చెరిపానో తెలియాలంటే ముందు మా పని పద్ధతి తెలియాలి.

పోలండ్ నగరం క్రాకవ్‌లోని మా చిన్న కార్యాలయంలో ముప్ఫై రెండేళ్ళపాటు ఒకే నిఘంటువు తయారైంది. యూరప్ భాషల్లో రూపం ఒకటే అయి, అర్థమూ పుట్టుకా వేరైన చిన్న మాటలు అందులో ఉంటాయి. ఒక్కో అర్థానికి ఒక్కో కార్డు. కార్డులు నేను రాసేదాన్ని, లైడెన్‌లో ఆర్నౌట్ సరిచూసేవారు. ఆయన అభిప్రాయాలు వేరే కాగితాల మీద, సిరాతో వచ్చేవి. కార్డు వెనకాల మాత్రం చూసిన తేదీని పెన్సిలుతో వేసేవారు. పార్సెల్ అందగానే ఆ తేదీలన్నీ చెరిపి, తర్వాతే కార్డుల ముఖం చూడాలన్నది మా నియమం.

ఆ నియమం 1982లో, సైనిక పాలన రోజుల్లో పుట్టింది. ఆ చలికాలంలో మా సహోద్యోగి ఒకాయన, తల్లికి మందు పంపమని వేడుకుంటూ ఒక కార్డు వెనకాల పెన్సిలుతో నాలుగు మాటలు రాశాడు. తనిఖీకి పార్సెల్ విప్పిన అధికారులకి ఆ మాటలు కనబడ్డాయి. మా పార్సెళ్ళన్నీ ఐదు నెలలు సరిహద్దులోనే ఆపేశారు. మందు రాలేదు, ఆ తల్లీ మిగల్లేదు. అప్పటినుంచి కార్డుల వెనకవైపు తేదీ తప్ప ఇంకేమీ ఉండకూడదు, ఆ తేదీ కూడా మిగలకూడదు. 1989లో ప్రభుత్వం మారాక పార్సెళ్ళు విప్పేవాళ్ళు లేరు. కారణం పోయింది, అలవాటు నిలిచింది. భాషలోనూ ఇలాగే జరుగుతుందని నేను ఏళ్ళ తరబడి విద్యార్థులకి చెప్పాను. నా చేతికి మాత్రం చెప్పుకోలేదు.

ఆర్నౌట్‌ని నేను చూసింది ఒక్కసారే. 1977లో ప్రేగ్ సమావేశంలో, రెండు రోజులు. చెవి మీద అరిగిపోయిన పెన్సిలు ముక్క పెట్టుకుని తిరిగేవారు. భార్య పోయిందని మామూలు సంగతి చెప్పినట్టు చెప్పారు. ఆ తర్వాత పదహారేళ్ళు మేము మాటల గురించి తప్ప ఒక్క మాట రాసుకోలేదు. ఆయన ఇంటి చిరునామా నాకు తెలియదు, నాది ఆయనకి తెలియదు.

చివరికి మిగిలిన మాట ‘తాక్’. పైకి సులువుగా కనబడుతుంది కనక అందరూ వాయిదా వేశారు. పోలిష్‌లో మేము అవునన్నదానికి తాక్ అంటాం. సంస్కృతంలోని ‘తత్’కి అది దూరపు చుట్టం: ‘అలాగే’ అనేది ముదిరి ‘అవును’ అయింది. చెక్‌వాళ్ళ దగ్గర అది ఇంకా ‘అలాగే’ దగ్గరే ఉంది. డెన్మార్క్‌లో తాక్ అంటే కృతజ్ఞత. తలచుకోవడం అనే ధాతువు నుంచి పుట్టింది. స్వీడన్‌లో ఇంటి కప్పు. కప్పడం అనే మరో ధాతువు. హాలెండ్‌లో చెట్టుకొమ్మ. మొనదేలినదేదో దానికి మూలం. ఒకే పెట్టెలో, ఒకే అక్షరాలతో, పక్కపక్కనే నిలబడ్డ అపరిచితులు. పోలిక చుట్టరికం కాదని ఆ పెట్టె మీద రాయించాలనుకున్నాను.

నిధులు ఆగిపోయి రెండు కార్యాలయాలూ ఏడాది చివర మూతపడబోతున్నాయి. డిసెంబరు మొదటి వారంలో కార్డులు పంపుతూ, చెట్టుకొమ్మ కార్డు వెనకాల పెన్సిలుతో ఇలా రాశాను: “క్రిస్మస్ ముందురోజు రాత్రి భోజనానికి మేము ఒక పళ్ళెం ఎక్కువ పెడతాం, అనుకోకుండా వచ్చేవాళ్ళ కోసం. మీరు వస్తారా?” నా యాభై ఎనిమిదేళ్ళలో ఆ పళ్ళెం ముందు ఎవరూ కూర్చోలేదు. అమ్మ పోయాక ఆ బల్ల దగ్గర రెండు పళ్ళేలు, నేనొక్కదాన్ని.

జవాబు ఉత్తరంగా వస్తుందనుకున్నాను. రోజుకి రెండుసార్లు టపా చూశాను. పార్సెల్ వచ్చిన ఉదయం కూడా నా ధ్యాసంతా లోపల విడిగా కవరేమైనా ఉందా అన్నదాని మీదే. నియమం ప్రకారం కార్డుల్ని బోర్లా పేర్చి, చెరిపే రబ్బరు చేతిలోకి తీసుకున్నాను. ఎదురుగా మా టైపిస్టు గెనోవెఫా, టీ గ్లాసులో నిమ్మచెక్క నలుపుతూ కబుర్లు మొదలుపెట్టింది. నన్ను ‘పాని డాక్టర్’ అంటుంది, డాక్టరమ్మగారూ అన్నట్టు.

“మూడ్రోజులైంది పాని డాక్టర్, పండక్కి తెచ్చిన చేప మా స్నానాల తొట్టిలో ఈదుతోంది. మా ఆయన దాని వంక పెట్టుకుని స్నానం మానేశాడు. ఇద్దర్లో ఎవర్ని ముందు కోయాలో తెలీడంలేదు.”

“చేపనే కొయ్యండి. ఆయనకి ముళ్ళెక్కువ,” అన్నాను.

“అబ్బో! మీకు హాస్యం కూడా వచ్చునే. ఏమిటి ఇవాళ విశేషం? ఆ డచ్చాయనేనా?” అంది. “అసలు ఈ తాక్‌తో ఎలా వేగారమ్మా? మనం అవునంటే డెన్మార్క్‌వాడు దణ్ణం పెడతాడు, స్వీడన్‌వాడు కప్పు చూస్తాడు, మీ ఆయనేమో చెట్టెక్కుతాడు!”

“మా ఆయనేమిటి? నోరు ముయ్యండి,” అన్నాను. నవ్వు ఆగలేదు. కళ్ళు ఆమె మీద, చెయ్యి కార్డుల మీద. నూట పన్నెండూ అయ్యాయి. కవరు వెతికాను. లేదు.

అప్పుడు బల్ల మీది రబ్బరు పొట్టు చూశాను. తేదీలు మాత్రమే చెరిపితే పొట్టు లేత బూడిదరంగులో ఉంటుంది. ఆ రోజు ఒకచోట అది నల్లగా, చిన్న కుప్పగా ఉంది.

“ఏమైంది పాని డాక్టర్? మొహం అలా పాలిపోయిందేం?”

కార్డుల్ని ఒక్కొక్కటే కిటికీ వెలుగులో ఏటవాలుగా పట్టుకుని చూశాను. చెట్టుకొమ్మ కార్డు మీద, నేను రాసిన మాటల కింద, పెన్సిలు నొక్కిన కొత్త గాడులు కనిపించాయి. రెండు వరుసలు, చివర అంకెలు. మొదటి రెండు అంకెలే పోల్చగలిగాను: ఒకటి, ఏడు. మిగతావి నా రబ్బరు కింద నలిగిపోయాయి.

లైడెన్‌కి ఫోన్ చేస్తే గంట మోగుతూనే ఉంది. వాళ్ళు పదిహేడునే తాళం వేశారని తర్వాత తెలిసింది. టెలిగ్రాం ఇస్తే ‘ఆ చిరునామాలో ఎవరూ లేరు’ అని తిరిగొచ్చింది. ఇక మిగిలిన సాక్ష్యం ఆ రెండంకెలే. అది పదిహేడో తేదీ కావచ్చు, ఆయన కార్డు చూసిన రోజు. లేదా పదిహేడు గంటలు, అంటే సాయంత్రం ఐదింటి రైలు. మొదటిదైతే నాకు ఏమీ తెలియదు. రెండోదైతే ఆయన వస్తున్నారు. దొరికిన రూపాల్ని బట్టి ఊహించి కట్టిన మూలరూపం ముందు మేము నక్షత్రంలాంటి చిన్న చుక్కగుర్తు పెడతాం, ఇది ఎవరూ విన్నది కాదని హెచ్చరికగా. ‘వస్తున్నాను’ అని మనసులో రాసుకుని ముందు చుక్కగుర్తు పెట్టాను. ఆ గుర్తు నన్నేమీ ఆపలేదు.

ఇరవైనాలుగు సాయంత్రం స్టేషన్‌కి వెళ్ళాను. ఐదింటి బండి పన్నెండు నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. దిగినవాళ్ళందరికీ చేతుల్లో పొట్లాలు, ఎదురొచ్చేవాళ్ళు. ప్లాట్‌ఫారం ఖాళీ అయ్యేదాకా నిలబడి, నడిచి ఇంటికొచ్చాను. తొలి నక్షత్రం పొడిచాకే భోజనానికి కూర్చోవాలి. ఆ రోజు మబ్బు. ఎంతసేపు ఆగాలో చెప్పేదేమీ లేదు. బీట్‌రూట్ సూప్ రెండుసార్లు వేడిచేశాను. రెండో పళ్ళేన్ని తుడిచి ఎప్పటిలాగే తీసి పెట్టేశాను. కానీ ఆ ఏడాది దాన్ని తుడవడం వేరు.

జనవరి పదకొండున కార్యాలయం చిరునామాకి ఉత్తరం వచ్చింది. సిరాతో, వెనక ఆయన ఇంటి చిరునామా, ఫోన్ నంబరుతో. “మీరు నిజంగా రమ్మంటే ఒక్కసారి ఫోన్ చేయమని కార్డు మీద నా ఇంటి నంబరు రాశాను. ఇరవైమూడు రాత్రిదాకా ఫోన్ దగ్గరే ఉన్నాను. మీ పిలుపు ఆచారం కొద్దీ వచ్చిందేనని అర్థం చేసుకున్నాను. తప్పు నాదే, మన్నించండి.”

ఆ అంకెలు తేదీ కాదు, రైలు వేళ కాదు. ఫోన్ నంబరు మొదలు. పోలిక చూసి చుట్టరికం కలపవద్దని ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పినదాన్ని నేను.

మూతపడ్డ కార్యాలయంలో మిగిలిన పెట్టెలకి తాళ్ళు కడుతున్న గెనోవెఫాకి ఉత్తరం చూపించాను.

“అయితే మరేం? ఫోన్ చేయండి! ఈస్టర్‌కి రమ్మనండి.”

“ఈస్టర్‌కి పళ్ళెం ఎక్కువ పెట్టే ఆచారం మనకి లేదు.”

ఆమె తాడు వదిలేసి నా వంక చూసింది. “ఆచారం లేకపోతే మనిషిని పిలవకూడదా పాని డాక్టర్?”

నేను ఫోన్ చేయలేదు. ఉత్తరం రాశాను. రబ్బరు గురించి, నల్లని పొట్టు గురించి, స్టేషన్ గురించి ఉన్నది ఉన్నట్టు వివరించాను. కార్యం ఇది, కారణం ఇది. నాలుగు పేజీలయింది. ఈస్టర్ మాట ఎక్కడ పెట్టినా ఆ క్రమంలో ఇమడలేదు. అది లేకుండానే టపాలో వేశాను.

మూడు వారాలకి జవాబొచ్చింది. వివరణ సంతృప్తికరంగా ఉందని, తన మనసులో భారం తీరిందని రాసి, నిఘంటువు అచ్చయితే ఒక ప్రతి పంపమని అడిగారు. ఒకటే పేజీ, చక్కటి సిరా రాత. చదవడం అయ్యాక కాగితాన్ని తిప్పి, కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుని వెనకవైపు చాలాసేపు చూశాను. ఒక్క గాడి కూడా లేదు.