క్యాచర్ లేని జట్టు

చీకటి పడే వేళకి ఒట్మార్ ఆల్చిప్పల మాంసం డబ్బాలకెత్తే కార్ఖానా నుంచి ఇల్లు చేరేవాడు. భార్య ఫ్రీడా పొయ్యి మీంచి సూప్ దించేది. అలమరలో నిలబెట్టిన అట్టబొమ్మల్లోని ఆటగాళ్లు బేస్‌బాల్ మొదలుపెట్టేవాళ్లు. పిల్లల పేరు చెప్పి పెద్దల చేత కొనిపించడానికి సిగరెట్ కంపెనీ పెట్టెకో ఆటగాడి బొమ్మ పెట్టేది. బాల్టిమోర్‌లో ఆ బొమ్మలున్న ప్రతి ఇంట్లోనూ సాయంత్రం ఆట జరిగేది. ఈ ఇంట్లో చిక్కల్లా ఒక్కటే, జట్టులో క్యాచర్ లేడు. బ్యాటు పట్టినవాడి వెనక కూర్చుని బంతి పట్టేవాడు లేక, విసిరిన ప్రతి బంతీ అలమరలోంచి కిందపడేది. ఆవగింజలంత బంతుల్ని ఫ్రీడా పొద్దున్నే ఊడ్చేది.

ఆ బొమ్మలు వాళ్ల కూతురు లీనావి. సిగరెట్ల కొట్టు ముందు మగపిల్లల్ని మోచేతుల్తో నెట్టుకుని నిలబడి, "బొమ్మ ఇచ్చి పో మామా!" అని వచ్చేపోయేవాళ్లని పీడించేది. వీధి ఆటలో క్యాచర్ తనే. ఆ క్యాచర్ బొమ్మ మాత్రం దొరకలేదు. చలికాలంలో కోరింత దగ్గొచ్చి పిల్ల పోయింది.

అంతవరకూ పొగాకు ముట్టని ఒట్మార్ సిగరెట్లు కొనడం మొదలుపెట్టాడు. బొమ్మ తీసుకుని మిగతావి పారెయ్యొచ్చుగా? కష్టార్జితం పారేసే మనిషి కాదు, అన్నీ కాల్చేవాడు. ఎండలు ముదిరేసరికి దగ్గినప్పుడల్లా రుమాలుకి నెత్తురు అంటుతోంది.

"బొమ్మ దొరికితే పిల్ల లేచొస్తుందటయ్యా?" అంది ఫ్రీడా.

"రాదు. దాని జట్టు నిండుతుంది."

"నువ్వూ పోతే నేనెవరికి వండను?"

"ఈ ఒక్క పెట్టే, ఫ్రీడా."

"నిన్నటిదీ ఒక్క పెట్టేగా!"

అతను పెట్టె విప్పాడు. బొమ్మలో లీనా ఉంది. గౌను దోపుకుని, చేతికి తోలు తొడుగు వేసుకుని గొంతుక్కూర్చుంది. ఫ్రీడా బొమ్మని తుడిచి జట్టు వెనక నిలబెట్టింది. మొదటి బంతి లీనా పట్టేసింది.

ఒట్మార్ ఏడుస్తూనే, అలవాటుకొద్దీ సిగరెట్ ముట్టించాడు. పొగ అలమర వైపు సాగింది. బొమ్మలో లీనా దగ్గింది. ఊపిరి లాగితే కూత వచ్చే అదే దగ్గు. చేతిలో బంతి జారిపోయింది.

ఒట్మార్ సిగరెట్‌ని అరచేతిలోనే నలిపేశాడు. మిగిలిన పెట్టె తీసుకెళ్లి వీధి కాలవలో పారేశాడు.

ఆ తర్వాత అతను చాలా ఏళ్లు బతికాడు. ఫ్రీడా రోజూ పొద్దున్నే అలమర కింద ఊడుస్తూనే ఉండేది. ఒక్క బంతీ దొరికేది కాదు. చీపురు పట్టుకుని కాసేపు అక్కడే కూర్చుండిపోయేది.