వచ్చాడని చెప్పిన పిల్ల

మా వేయ్ నది ఒడ్డున ఇళ్ళ కప్పులు కప్పేది నేనే. ఊళ్ళో ఎవరైనా పోతే ఆ కప్పెక్కి పిలిచేదీ నేనే. మొదటి పనికి వెళ్తే కూర్చోబెట్టి భోజనం పెడతారు. రెండో పనికి వెళ్తే ఎవరూ నా మొహం చూడరు.

పోయిన మనిషి తొడిగి విడిచిన చొక్కా పట్టుకుని ఇంటి కొప్పు మీద నిలబడాలి. ఉత్తరానికి తిరిగి, పేరు పెట్టి మూడుసార్లు ఇంటికి రమ్మని పిలవాలి. కింద వాకిట్లోంచి ఇంటివాళ్ళలో ఒకరు "వచ్చాడు" అనాలి. అప్పుడు చొక్కా కిందికి వదులుతాను. దాన్ని శవం మీద కప్పుతారు. శవం దొరకనివాళ్ళకైతే ఆ చొక్కానే పెట్టెలో పెట్టి పాతిపెడతారు. ఆ పాటి సమాధి కూడా లేనివాడు ఎవరు పెట్టిన మెతుకూ నోటికందక గాలిలో తిరుగుతుంటాడని మావాళ్ళ భయం. నా భయమూ అదే.

డౌ వారి యన్‌షౌ పడమటి సరిహద్దుకు సైన్యంలో వెళ్ళి చాలా ఏళ్ళయింది. అలా ఉండగా ఒక ఏడు కొర్ర కోతలప్పుడు, అతనితో వెళ్ళిన చియావ్ ఒక్కడే కుంటుకుంటూ తిరిగొచ్చాడు. తిన్నగా డౌ వారి వాకిట్లోకి వెళ్ళి, నేలమీద కూలబడి, యన్‌షౌ ఇసకలో పడిపోయాడనీ, తమకి ఆగి మట్టి కప్పే వీలు కూడా లేకపోయిందనీ చెప్పాడు.

యన్‌షౌ తల్లిని ఊరంతా డౌ పెద్దమ్మ అంటుంది. ఆవిడ నోటికి జడిసి కోళ్ళు కూడా ఆ గోడ దాటవు. అలాంటి మనిషి ఆ రోజంతా ఒక్క మాట మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్నే నా ముందుకొచ్చి నిలబడింది.

"ఒరే మావ్, మా కప్పెక్కాలిరా."

"ఎక్కుతా పెద్దమ్మా. వాడి చొక్కా ఏదైనా ఉందా?"

ఆవిడ వెనక్కి తిరిగి నడిచింది. నేను నిచ్చెన భుజానేసుకుని వెంట వెళ్ళాను.

ఉన్నది ఒక్కటే చొక్కా అని ఊళ్ళో అందరికీ తెలుసు. యన్‌షౌ పెళ్ళాం వాన్ అతని పాత బట్టలన్నీ ఏటేటా చింపి, అంబలి రాసి, పొరమీద పొర అంటించి, చెప్పుల అట్టలు కుట్టి సరిహద్దుకు పంపేది. అలా అతని బట్టలన్నీ అతని కాళ్ళ దగ్గరికే వెళ్ళిపోయాయి. మిగిలింది నీలం జనపనార చొక్కా. మా దగ్గర పుట్టిన బిడ్డను తండ్రి తొడిగిన చొక్కాలో చుడతారు. తండ్రి ఇంట్లోనే ఉన్నాడనుకుని గాలీ ధూళీ దరికి రావట. వెళ్ళేనాటికి వాన్ కడుపుతో ఉంది గనక, యన్‌షౌ ఒంటిమీదిది విప్పి ఇచ్చి వెళ్ళాడు.

ఆ పిల్లే సుయి. నడక వచ్చిన దగ్గర్నుంచీ ఆ చొక్కాను ఈడ్చుకునే తిరిగేది. అది కప్పుకుంటేనే నిద్ర. ఎవరు ఉతకబోయినా ఊరు ఎగిరిపోయేలా ఏడ్చేది. దాన్ని "నాన్న" అనే పిలిచేది.

"ఏమే సుయీ, మీ నాన్నకి స్నానం చేయించి ఎన్నాళ్ళయిందే?" అని ఏడిపించేవాణ్ణి.

"మా నాన్నకి చలి. నువ్వు చేశావా ముందు?" అనేది. నోరు నాయనమ్మదే.

నేను నిచ్చెన గోడకి ఆనించేసరికి లోపల అత్తాకోడళ్ళ మాటలు వినిపించాయి.

"ఇవ్వనత్తయ్యా. అది పిల్లది."

"అది నా కొడుకుది."

"మీ కొడుకే దానికిచ్చాడు. దానికి తండ్రంటే అదొక్కటే కదా."

"నాకు మాత్రం ఏం మిగిలిందే? ఎముకలు కూడా లేవు. వాడక్కడ ఇసకలో ఆకలితో తిరుగుతుంటే నేనిక్కడ గంజి ఎలా మింగేది?"

వాళ్ళిద్దరిలో ఒకరిదైనా తప్పయితే నాకు సులువుగా ఉండేది. నాలుగు తిట్టి నిచ్చెన ఎక్కేసేవాణ్ణి. ఇద్దరిదీ న్యాయమే అయితే మూడోవాడు ఏం చేస్తాడు? కప్పులో ఎక్కడ గడ్డి కుళ్ళిందో వెతుకుతున్నట్టు పైకి చూస్తూ నిలబడ్డాను.

సుయి చొక్కా చంకలో పెట్టుకుని గడప దగ్గరికి వచ్చింది. "నాన్న ఎందుకు నాయనమ్మా?"

పెద్దమ్మ కిందికి వంగింది. "మావ్ మామ కప్పెక్కి మీ నాన్నని పిలుస్తాడమ్మా. ఈ చొక్కా చూస్తే గుర్తుపట్టి ఇంటికొస్తాడు."

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. మేమంతా నమ్మేదే. అయినా నాకు ఒళ్ళు మండిపోయింది, ఎవరి మీదో తెలీదు.

సుయి నన్ను ఎగాదిగా చూసింది. "అంత దూరం నీ గొంతు వినిపిస్తుందా మామా?"

"వినిపిస్తుంది."

"అయితే తీసుకో. బురదలో పడేయకు."

వాన్ గోడవైపు తిరిగింది.

కొప్పు మీద గాలి ఎక్కువగా ఉంది. చొక్కా రెండు చేతులా ఎత్తిపట్టుకుని పిలిచాను. "యన్‌షౌ, ఇంటికి రా." కింద ఎవరూ పలకలేదు. వాన్ చేతిగుడ్డ నోట్లో కుక్కుకుంది. రెండోసారి పిలిచాను. పెద్దమ్మ పెదవులు కదిలాయిగానీ గొంతు రాలేదు. వచ్చాడంటే, వాడు చచ్చిపోయాడని తన నోటితో తనే అన్నట్టు మరి. మూడోసారి పిలిచి ఆగాను. జవాబు లేకపోతే వచ్చినవాడు వచ్చినట్టే వెనక్కి పోతాడంటారు.

"వచ్చాడు" అంది సుయి.

గట్టిగా, సంతోషంగా అంది. నేను చొక్కా వదిలాను. అందరూ దాన్ని అందుకోవడంలో ఉన్నారు. పైనున్నాను గనక నేనొక్కణ్ణే చూశాను, ఆ పిల్ల పరుగెత్తుకెళ్ళి, గడియ తీసి, వీధి తలుపు బార్లా తెరిచి దారికి అటూ ఇటూ చూడడం. చాలాసేపు చూసింది. నేను కొప్పు మీదే కూర్చుండిపోయాను.

దిగేసరికి పెట్టె వాకిట్లో ఉంది. పెద్దమ్మ తన చావు కోసం ముందే చేయించి పెట్టుకున్న పెట్టె అది. దాన్నే కొడుక్కి ఇచ్చింది. చొక్కా మడిచి అందులో పెట్టారు. సుయి వెనక్కి వచ్చింది.

"నాన్నేడీ నాయనమ్మా?"

పెద్దమ్మ పెట్టె చూపించింది. "ఇందులో ఉన్నాడమ్మా."

సుయి తొంగి చూసింది. ఏడవలేదు. "మూతేస్తే ఊపిరాడదు కదా," అంది.

పెద్దమ్మ పెట్టె అంచు పట్టుకుని అలాగే నిలబడింది. తర్వాత చొక్కా బయటికి తీసి, దులిపి, మనవరాలి భుజాలమీద కప్పింది.

"పెద్దమ్మా, పిలిచినవాణ్ణి పాతిపెట్టకపోతే..." అన్నాను.

"తెలుసురా. నువ్వు నాకు చెప్పకు. వాడు వచ్చాడని అది చెప్పింది. దాని దగ్గరే ఉండనీ. ఆ పెట్టెని మళ్ళీ ఇంట్లోకి చేర్పించు."

ఆ రోజు నుంచి ఆవిడ ప్రతి సాయంత్రం వీధి తలుపు పక్కన కొర్ర గంజి గిన్నె పెట్టేది. సమాధి లేనివాడికి అది అందుతుందో లేదో ఆవిడకి తెలీదు, నాకూ తెలీదు. నేను అటుగా వెళ్తే ఆపి అడిగేది.

"తిని ఉంటాడంటావా మావ్?"

"తినే ఉంటాడు పెద్దమ్మా."

ఆ బెంగతోనే బతికింది, ఆ బెంగతోనే పోయింది. కొడుకు సద్గతిని మనవరాలి నిద్రకి ఇచ్చేసి, ఆ మాట ఎన్నడూ ఆ పిల్ల చెవిన పడనివ్వలేదు.

ఆవిడ పోయిన చలికాలానికి సుయి నా భుజం దాకా ఎదిగింది. నేను నిచ్చెన ఆనించగానే నాయనమ్మ చొక్కా తెచ్చి చేతిలో పెట్టింది. దాని మడతలో నీలం చొక్కా కూడా ఉంది. చీకిపోయి, మోచేతుల దగ్గర దారాలే మిగిలాయి.

"ఇద్దర్నీ పిలువు మామా," అంది. "నాయనమ్మ ఒక్కతే వెళ్తే అక్కడ కూడా నాన్నని వెతుక్కుంటూనే ఉంటుంది."

"మరి నీకు?"

ఆ మాటకి నా చేతిలోని నీలం చొక్కాను ఒక్కసారి మొహానికి ఆనించుకుని, మళ్ళీ మడిచి ఇచ్చింది.

కప్పెక్కి ఇద్దర్నీ పిలిచాను. పెద్దమ్మ పేరేమిటో వాన్ చెప్పేదాకా నాకూ తెలీదు.

"వచ్చారు" అంది సుయి.

చొక్కాలు రెండూ వదిలాను. కింద పడనివ్వకుండా చేతుల్లోకి అందుకుంది. వీధి తలుపు తెరిచే ఉంది. ఈసారి అటు చూడలేదు.