నాలుగుదోవల హనుమంతరాయుడి చుట్టూ

ఆదోని నుంచి ఎమ్మిగనూరుకు దోవ తప్పడమంటే మాటలు కాదు. ఉన్నది ఒక్కటే కంకర రోడ్డు. బండివాడు నిద్రపోయినా ఎద్దులు తీసుకెళ్ళి ఎమ్మిగనూరులో దింపుతాయి. మద్దిలేటికి పాపం ఎద్దులు లేవు, సైకిలుంది.

ఆ రోజు ఆదివారం. మధ్యాహ్నం బస్సు ఎమ్మిగనూరులో బయలుదేరేలోగా అతను అత్తగారింటి గడప తొక్కాలి. తొక్కి, భార్య నీలమ్మను "రా, ఇంటికి పోదాం" అని పిలవాలి. లేకపోతే నీలమ్మ ఆ బస్సులోనే వాళ్ళన్న బసవన్న వెంట ఆదోని వచ్చి, రైలెక్కి షోలాపూరు వెళ్ళిపోతుంది. బసవన్నకు అక్కడ బట్టల మిల్లులో పని దొరికింది, వండిపెట్టడానికి మనిషి కావాలి. మరి ఆదోని స్టేషన్లోనే కాచుకుని కూర్చోవచ్చు కదా అంటారేమో. మద్దిలేటికీ ఆ ఆలోచన వచ్చింది. కానీ ముందురోజు ఎమ్మిగనూరు నుంచి బండి తోలుకొచ్చిన ఓబన్న ఆ ఆశ కూడా తెంచేశాడు.

"ఇంటికొచ్చి పిలిస్తే వస్తాదంట. స్టేషన్లో నలుగుర్లో చెయ్యి పట్టుకున్నావంటే మాత్రం జన్మలో రాదంట. నీ పెండ్లామే అనింది. నన్నేమీ అనొద్దప్పా."

మద్దిలేటి ఆదోనిలో ఒక పత్తిమిల్లులో కాటా దగ్గర పనిచేస్తాడు. వారమంతా బేళ్ళు తూచి, ఆదివారం సైకిలెక్కుతాడు. పాత రాయి కనబడితే చాలు, అతనికి ఒళ్ళు తెలియదు. ఆదోని కోట, పెద్దతుంబళం గుళ్ళు, ఊరూరా నిలబడ్డ బురుజులు, చేనుగట్ల మీద ఒరిగిపోయిన వీరగల్లులు, అన్నీ చుట్టబెట్టాడు. అదీ నీలమ్మను క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని. బజారంతా ముక్కున వేలేసుకున్నా లెక్కచేయలేదు. మొగుడంటే ఇట్లా ఉండాలని తనను తానే మెచ్చుకున్నాడు కూడా. మహానుభావుడు గమనించని సంగతి ఒకటుంది. అతను తొక్కుతూ బురుజుల వైపు చూసేవాడు. "కుడికి తిప్పు, ఎడమకు తిప్పు, గుంత, గుంత" అని చెప్పేది మాత్రం వెనక కూర్చున్న నీలమ్మ.

పోయిన నెల కౌతాళం వైపు కొత్త కాలువలో నీళ్ళు వదిలారని మిల్లంతా చెప్పుకున్నారు. నీలమ్మ చూస్తానంది. "కాలువలో ఏముంటాది? నీళ్ళుంటాయి" అనేసి, ఆమెను ఒక పాడుబడ్డ మెట్లబావికి తీసుకెళ్ళాడు. అందులో చుక్క నీరు లేదు. గోడ మీద ఏనుగులు చూపించి, "సూడు, తొండాలు ఎట్ల సెక్కినారో!" అని మురిసిపోయాడు. నీలమ్మ మెట్టు మీద కూలబడింది.

"పెండ్లయి మూడేండ్లాయె. నీకు యాడికి పోవాలనుంది అని నన్ను ఒక్కసారన్నా అడిగినావా?" అంది.

మద్దిలేటి ఏనుగును చూస్తూ "ఊఁ" అన్నాడు. మర్నాడు ఆమె పుట్టింటికి వెళ్ళిపోయింది. అంత మంచి బావి చూపిస్తే కోపమెందుకు వచ్చిందో అతనికి ఇప్పటికీ అంతుపట్టలేదు. సైకిలు తొక్కుతూ అదే ఆలోచిస్తున్నాడు.

ఆషాఢం గాలి పొద్దున్నించే లేచింది. ఎర్రదుమ్ము ఆకాశాన్నంతా కమ్మేసింది. ఆదోని కొండలు కనబడితే దిక్కు తెలిసేది, ఆ దుమ్ములో కొండలూ లేవు, సూర్యుడూ లేడు. మైలురాళ్ళు చూద్దామా అంటే అవి మరీ అన్యాయం. ఆదోని బళ్ళారి జిల్లా నుంచి కర్నూలు జిల్లాలోకి వచ్చి రెండేళ్ళవుతున్నా రాళ్ళకు ఇంకా ఆ సంగతి పూర్తిగా తెలియలేదు. ఒక రాయి బళ్ళారి ఎంత దూరమో చెబుతుంది, పక్క రాయి కర్నూలు గురించి చెబుతుంది. ఎమ్మిగనూరు ఊసెత్తే రాయి ఒక్కటీ లేదు.

సగం దారిలో నాలుగుదోవల హనుమంతరాయుడి మంటపం వచ్చింది. ఆ స్వామి ముందు నుంచి ఎవరూ బండిమీద కూర్చుని పోకూడదు. దిగి, బండినైనా సైకిలునైనా నడిపిస్తూ మూడుసార్లు చుట్టూ తిరిగి, అప్పుడు ఎక్కాలి. లేకపోతే ఇరుసు విరుగుతుందని అందరికీ భయం. బస్సు డ్రైవరు సైతం ఆపి కర్పూరం వెలిగించకుండా కదలడు. మద్దిలేటి దిగి ప్రదక్షిణం మొదలుపెట్టాడు. అసలు చిక్కు అక్కడే వచ్చింది. మంటపం నాలుగు వైపులా ఒకటే తీరు, స్తంభాల నిండా బొమ్మలు. ఒక కోతి పనసపండును ఈడుస్తోంది. ఇంకో కోతి దాని తోక పట్టుకుని లాగుతోంది. ఆ తోక ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో వెతుకుతూ అతను ఎన్ని చుట్లు తిరిగాడో స్వామికే తెలియాలి. తల ఎత్తేసరికి ఆ ఎర్రదుమ్ములో కంకరేదో మట్టేదో తెలియకుండా నాలుగు దోవలూ ఒక్కలాగే ఉన్నాయి.

ఒకదాన్ని పట్టుకుని తొక్కాడు. కొంత దూరం పోయాక బురుజు కనిపించింది. ఎమ్మిగనూరు దోవలో బురుజుంది కాబట్టి సంతోషించాడు. దగ్గరికి పోయి చూస్తే ఆ బురుజు పైన రావిమొక్క మొలిచి ఉంది. ఎమ్మిగనూరు దోవ బురుజుకు రావిమొక్క లేదే! పిడకలు కొడుతున్న ముసలామెను అడిగితే ఆమె పడీపడీ నవ్వి, వచ్చిన దోవ చూపించింది.

మళ్ళీ హనుమంతరాయుడు. అసలే కాపురం విరిగేలా ఉంటే ఇరుసు కూడా ఎందుకులే అని మద్దిలేటి మళ్ళీ దిగాడు. ఈసారి కళ్ళు నేలకేసుకుని తిరుగుదామనుకున్నాడు. రెండో చుట్టులో కోతి తోక మళ్ళీ కంటబడింది. మూడో చుట్టు అయ్యాక నాలుగు దోవలనూ చూస్తూ నిలబడ్డాడు. వెనక నుంచి "కుడికి" అని ఎవరైనా అంటారేమోనని ఒక క్షణం నిజంగానే ఆగాడు. ఎవరూ అనలేదు. కళ్ళు మూసుకుని ఒక దోవలో పడ్డాడు.

ఈసారి దోవ బాగా తెలిసినట్టే ఉంది. ప్రతి తుమ్మచెట్టూ ఎక్కడో చూసినట్టే ఉంది. ఇక ఎమ్మిగనూరు వచ్చేసినట్టేనని ధైర్యం తెచ్చుకుంటుండగా వెనక బస్సు హారన్ వినిపించింది. మద్దిలేటికి ప్రాణం లేచొచ్చింది. బస్సు ఇప్పుడే ఎమ్మిగనూరుకు పోతోందంటే, అక్కడ తిరిగి బయలుదేరడానికి ఇంకా బోలెడు పొద్దుంది! పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు. బస్సు దాటుతుండగా కిటికీలో నీలమ్మ కనిపించింది.

నీలమ్మ ఎమ్మిగనూరులో ఉండాలి. ఈ బస్సు ఎమ్మిగనూరుకు పోతోంది. మరి బస్సులో నీలమ్మ ఎట్లా ఉంది? అతను ఒక కాలు నేలకానించి నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. బస్సు కొంచెం ముందుకు పోయి ఆగింది. కిటికీలోంచి నీలమ్మ తల బయటికి పెట్టింది.

"యాడికి పోతాండావయ్యా?"

"మీ ఇంటికే. నిన్ను పిల్సుకొచ్చేకి."

"మా ఇల్లు నీ యెనకుంది. ఇట్ల పోతే ఆదోని వస్తాది!"

బస్సంతా గొల్లుమంది. మద్దిలేటి వెనక్కి చూశాడు, ముందుకు చూశాడు. రెండు వైపులా దుమ్మే. బసవన్న తలుపు దగ్గరికొచ్చి, "రైలుకు టైమయితాంది బావా. పిలుస్తావా, పిలవవా?" అన్నాడు.

మద్దిలేటి నోరు తెరిచి, మళ్ళీ గట్టిగా మూసుకున్నాడు. "ఈడ పిలవకూడదు. నలుగుర్లో పిలిస్తే జన్మలో రాదంట. నీలమ్మా, నువ్వు దిగి ఇంటికి పో. నేను యెనకాలే వచ్చి పిలుస్తా."

"నువ్వు యెనకాలే వస్తే మంత్రాలయంలో తేల్తావు గదప్పా!" అన్నారెవరో. మళ్ళీ నవ్వులు. నీలమ్మ మాత్రం నవ్వలేదు. అతని తల నిండా దుమ్ము, చొక్కా అంతా చెమట. పొద్దున్నించి తన కోసమే తిరుగుతున్నాడని ఆమెకు తెలిసిపోయింది. జాలీ, కోపమూ కలిసి వచ్చాయి.

మద్దిలేటికి ఏడుపొచ్చేలా ఉంది. "ఏ దోవ యాడికి పోతాదో నాకు తెలీదు నీలమ్మా. ఎప్పుడూ తెలీదు. నువ్వు సెప్తాంటివి, నేను తొక్కుతాంటిని" అన్నాడు. స్టేషనా, గడపా, షోలాపూరా, అన్నీ కలగాపులగమైపోయాయి. ఆ అయోమయంలో ఒక్క మాట మిగిలింది. "నీకు యాడికి పోవాలనుంది?"

డ్రైవరు హారన్ కొట్టాడు. నీలమ్మ మూట చంకన పెట్టుకుని బస్సు దిగింది.

"మరి నాకు వండేదెవరే?" అని బసవన్న అరిచాడు. బస్సు అతన్నీ, అతని అరుపునూ మోసుకుని వెళ్ళిపోయింది.

"కాలువ కాడికి" అంది నీలమ్మ, క్యారియర్ మీద కూర్చుంటూ.

"తర్వాత?"

"తర్వాత ఎమ్మిగనూరుకు. మా అమ్మ ముందర గడప తొక్కి పిలువు. అప్పుడు సూస్తా, వచ్చేది రానిది."

సైకిలు తిప్పుకుని మళ్ళీ హనుమంతరాయుడి దగ్గరికి వచ్చారు. ఇద్దరూ దిగి చుట్టూ తిరిగారు. నీలమ్మ ముందు నడిచింది. మద్దిలేటి సైకిలు నడిపిస్తూ, ఆమె జడ మీంచి చూపు తిప్పకుండా వెనకాలే నడిచాడు. కోతి తోక పక్కనుంచే పోయింది, పోనిచ్చాడు.

మూడు చుట్లూ అయ్యాక ఆమె ఒక దోవ వైపు తిరిగి నిలబడింది. మద్దిలేటి సైకిలెక్కి, ఆమె కూర్చునేదాకా ఆగి, వెనక్కి తిరిగి చూశాడు.

"ఇది కాలువ దోవేనా?"

"అడిగినావు గదా. ఇంక తొక్కు."