అరంగుళం మేస్త్రి

రేకుల షాపులో ఆయన్ని అందరూ అరంగుళం మేస్త్రి అనేవాళ్లు. గరాటు చేసినా, డబ్బా చేసినా అతుకు మడతకి అరంగుళం రేకు వదలందే కత్తెర పెట్టేవాడు కాదు. ముప్ఫై ఏళ్లలో ఆయన చేతి డబ్బా ఒక్కటీ కారలేదు. అలాంటి మనిషికి మొన్నామధ్య కుడి బొటనవేలి నరం తెగింది. గాయం మానింది గానీ పట్టు తిరిగి రాలేదు. కత్తెర పట్టుకుంటే జారిపోతుంది.

యజమానురాలు మంచిదే. అలాగని ఊరికే కూర్చోబెట్టి పోషించేంత మంచిదేం కాదు.

"నెల రోజులు టైమిస్తాను మేస్త్రి గారూ. రేకు కోసే కొత్త మిషన్‌కి కంప్యూటర్లో బొమ్మలు గీయడం నేర్చుకోండి. రాకపోతే గేటు దగ్గర కుర్చీ వేయిస్తాను," అంది.

ఆఫీసు గదిలో మేకుకి వాచ్‌మన్ టోపీ అప్పుడే వేలాడుతోంది. అటు చూడకుండా ఆయన తల తిప్పుకునేవాడు. రేకు మోత వింటూ గేటు బయట కూర్చోవడమంటే చావే అనుకున్నాడు.

ఇంట్లో గురువు కోడలు. కంప్యూటర్ క్లాసులు చెప్పే ఉద్యోగం ఆమెది. ఓపికా ఉంది, నోరూ ఉంది.

"గోళం, గొట్టం, శంకువు, వీటన్నిటినీ క్వాడ్రిక్ తలాలంటారు మామయ్యా. ఒక్కోదానికీ ఒక సమీకరణం ఉంటుంది. అది ప్రోగ్రామే చూసుకుంటుంది, మీరు కొలతలిస్తే చాలు."

"చూసుకోనీ తల్లీ, అవి నా బుర్రకెక్కవు."

ప్రోగ్రామ్ అడిగేవి నాలుగే: కింద వ్యాసార్థం, పైన వ్యాసార్థం, ఎత్తు, చుట్టూ ఎన్ని ముక్కలు. రెండు వ్యాసార్థాలూ ఒకటే అయితే గొట్టం. ఒకటి సున్నా అయితే శంకువు. ఒకటి పెద్దదీ ఒకటి చిన్నదీ అయితే గరాటు. ఎడమచేతి వేలితో వెతుక్కుంటూ అంకెలు కొట్టాడు. ముక్కలు ఆరంటే గొట్టం నట్టులా వచ్చింది. ముప్ఫై రెండంటే నున్నగా తిరిగింది.

"ఓర్నీ! మేమూ ఇంతే. గీతగీతకీ కాస్త వంచుకుంటూ పోతాం."

"గొట్టానికి అడుగు రాదు మామయ్యా. బిళ్ళ విడిగా గీసి పెట్టాలి."

"గొట్టానికి అడుగుండదని నాకు చెప్తున్నావా? తాతకి దగ్గులు నేర్పినట్టుంది!"

అసలు గొడవంతా అరంగుళంతోనే వచ్చింది. మూత గీస్తే డబ్బా కన్నా అరంగుళం ఎక్కువ. గొట్టం గీస్తే గరాటులోకి అరంగుళం పొడుచుకొచ్చేది.

"తెర మీద అతుకులుండవు మామయ్యా. అంచుకి అంచు తగిలితే చాలు."

"అలవాటమ్మా, ఏం చేయను?"

రోజూ ఆ అరంగుళాన్ని ఆమె తుడిపించింది, ఆయన తుడిచాడు. నాలుగో వారానికి ఆ అలవాటు ఎట్టకేలకు వదిలింది.

నెలాఖరున పరీక్ష రోజు, తెర మీద గరాటు అచ్చం అసలుదానిలా వచ్చింది. ఎటు తిప్పినా వంక లేదు. యజమానురాలు తలూపి, "కోసేయండి," అంది. మిషన్ నడిపేవాడు పెద్ద రేకు ఎక్కించాడు. తెర మీద గరాటు విచ్చుకుని విసనకర్రలా పరుచుకుంది. ఆ గీతల మీదే మిషన్ కోస్తుంది.

చుట్టినప్పుడు కలవాల్సిన రెండు అంచులనీ మేస్త్రి చూశాడు. మడతపెట్టడానికి రేకేది? కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది! నోరు మూసుకుంటే ఈ పూటకి గండం గడుస్తుంది. అతుకు దగ్గర రేపు బయటపడినా, తప్పు మిషన్ మీదకి తోసేయొచ్చు. టోపీ కళ్ల ముందు కదిలింది.

"ఆపు! ఆపరా బాబూ!" అని అరిచాడు.

మిషన్ ఆగింది. "ఏమైంది, బొమ్మ తప్పా?" అంది యజమానురాలు.

"బొమ్మ సరిగ్గానే ఉందమ్మా. రేకే చాలదు. అతుకుకి అరంగుళం వదల్లేదు. తప్పు నాదే."

ఆమె రేకుని చూసింది, ఆయన్ని చూసింది. "ఇప్పుడు సరిచేయగలరా?"

"నిమిషంలో పని. విప్పిన బొమ్మలో ఒక అంచుని అరంగుళం జరిపితే చాలు." ఎడమచేతి వేలితోనే జరిపాడు.

మధ్యాహ్నానికి గరాటు తయారైంది. యజమానురాలు కింద మూతి అరచేత్తో మూసి నీళ్లు పోయించింది. అతుకు దగ్గర చుక్క కారలేదు.

"బొమ్మలు గీసేవాళ్లు దొరుకుతారు మేస్త్రి గారూ. కోయకముందు ఆపేవాళ్లే దొరకరు," అంటూ టోపీ తీసి బీరువాలో పడేసింది.

సాయంత్రం కోడలు గుమ్మంలోనే ఎదురొచ్చింది. "ఏమైంది మామయ్యా?"

"నువ్వు తుడిపించిన అరంగుళం ఉంది చూడూ, అదే నన్ను కాపాడింది."

"అంటే నా పాఠం తప్పా?"

"కాదు తల్లీ. బొమ్మ నువ్వు నేర్పావు. రేకు నాకు తెలుసు. రేపు తొమ్మిదింటికల్లా వెళ్లాలి. గేటుకి కాదు, లోపలికి."

ఆ మాట అని మంచినీళ్ల గ్లాసు ఎత్తి గటగటా తాగేశాడు.