కామా దాటాల్సిన నారు

మే నెల ముగుస్తోందంటే చాలు, రష్యాలోని పెర్మ్ నగరం తన ఫ్యాక్టరీలనూ ఫిరంగులనూ మరిచిపోయి టమాటా నారును చంకనెత్తుకుంటుంది. బస్సుల్లో నారే, ట్రాముల్లో నారే. ఉక్కు కర్మాగారంలో క్రేన్ నడిపి రిటైరైన రిమ్మ కూడా ఆ రోజు మూడు పెట్టెల నారుతో రేవుకు వచ్చింది. ఆమె తోట కామా నదికి అవతల ఉంది. అక్కడికి రోడ్డు లేదు, పోయేది ఒక్క లాంచీయే.

లాంచీకి అడ్డంగా తాడు కట్టి ఉంది. రేవు మేనేజర్ గెన్నదీ చొక్కా నలగకుండా నిలబడి, "ఇక ఇది తోటలకు పోదమ్మా. విహారయాత్రలకు ఇచ్చేశాం," అన్నాడు.

"మరి నా నారు?"

"పోతే పోయింది. సంతలో కొనుక్కోండి."

రిమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ విత్తనాలు ఆమె భర్త యెగోర్ నిరుడు ఎండబెట్టినవి. ఎండబెట్టిన నెలకే ఆయన పోయాడు. ఉన్న గింజలన్నీ ఆమె ఈ పెట్టెల్లోనే వేసేసింది.

"సంతలో మా ఆయన చేతి విత్తనం దొరుకుతుందా? చెప్పవయ్యా!"

తాడు కింద దూరి, పెట్టెలు లాంచీలోకి చేర్చి బల్ల మీద కూర్చుంది. అది చూసి మిగతా ఆడవాళ్ళూ దూరారు. చూస్తుండగానే లాంచీ నిండా నారే.

గెన్నదీ గార్డును కేకేశాడు. "తిమూర్! ఆ చెత్తంతా నదిలో పారెయ్."

బండలాంటి తిమూర్ వచ్చి రిమ్మ పెట్టెను ఒంటిచేత్తో లాగాడు.

"ఒరేయ్, అలాగేనా పట్టుకునేది? మీ అమ్మ ఇదేనా నేర్పింది? కింద చెయ్యి పెట్టు!"

తిమూర్ చెయ్యి చప్పున కిందికి పోయింది. పెట్టెను పొట్టకు ఆనించుకుని, నారుకు గాలి తగలకుండా నదివైపు వీపు తిప్పాడు. ఈ ఊళ్ళో పుట్టినవాడు మరి, చిన్నప్పుడు ఏటా ట్రాములో ఒళ్ళో నారు పెట్టుకుని కూర్చున్నవాడు.

"చూస్తావేం? విసిరెయ్!"

తిమూర్ చెవులు ఎర్రబడ్డాయి. "మీరే విసరండి సార్. మా అమ్మకు తెలిస్తే నన్ను గడప తొక్కనివ్వదు," అని పెట్టెను లాంచీలోనే పదిలంగా నీడలో దించాడు.

ఆడవాళ్ళు ఘొల్లున నవ్వారు. లాంచీ నడిపే సరంగు ప్రోహోర్ ఆ నవ్వుల్లోనే తాడు విప్పి ఇంజను వేశాడు.

"నీ ఉద్యోగం ఊడుతుంది!" ఒడ్డు మీంచి గెన్నదీ అరిచాడు.

"ఊడనీవయ్యా, నాకూ అవతల తోట ఉంది!" ప్రోహోర్ లాంచీలోంచే బదులిచ్చాడు.

అవతలి ఒడ్డున తోటలో, యెగోర్ తవ్వి ఉంచిన మడిలో చివరి మొక్క నాటాక రిమ్మ గట్టు మీద కూలబడి కడుపారా ఏడ్చింది. మొగుడు పోయాక ఆమె ఏడవడం అదే మొదలు.

"రేపు లాంచీ రాకపోతే ఎలాగే?" పక్క తోటావిడ గాభరాపడింది.

రిమ్మ ముక్కు చీది తలమీది టోపీ సర్దుకుంది. "రాకపోతే మానె. నీళ్ళు పోసే మనిషి కావాలిగా, నేనిక్కడే ఉంటాను."